లేవడం కూడా ఒక పనే

వయసు మళ్లినవాళ్లు కుర్చీలోంచి లేచేటప్పుడు దేవుణ్ణి తలుచుకుంటారు. కొందరు "శ్రీరామా" అంటారు, కొందరు "నారాయణా" అంటారు, దేవుడితో పేచీ ఉన్నవాళ్లు "అమ్మయ్య" అని సరిపెట్టుకుంటారు. ఇరవై ఏళ్ల కుర్రాడు లేచేటప్పుడు ఎవర్నీ పిలవడు. తను లేచిన సంగతి వాడికే తెలియదు. నలభై దాటాక లేవడం అనేది ఒకటుందని తెలుస్తుంది. అరవై దాటాక లేవాలా, ఇంకెవరైనా తెచ్చిపెడతారా అన్న ఆలోచన ముందొస్తుంది. డెబ్బై దగ్గర పడ్డాక అదొక తంతు: అరచేతులు కుర్చీ చేతుల మీదికి, పాదాలు కాస్త వెనక్కి, నడుం ముందుకి, భగవన్నామం, ఆపైన ప్రయాణం. సాయంత్రం పార్కులో మా వయసువాళ్లం బెంచీల మీంచి లేచే వేళకి ఎవరైనా వింటే, విష్ణు సహస్రనామం సగం పూర్తయిందనుకుంటారు.

ఈ తంతు మొత్తాన్ని మనం మోకాళ్ల ఖాతాలో రాసేస్తాం. మోకాళ్లు నొప్పి పెడతాయి కాబట్టి పేరు వాటికే దక్కుతుంది. నొప్పి పెట్టకుండా, చప్పుడు చేయకుండా అసలు పని చేసేది గుండె. పడుకున్నా, కూర్చున్నా, నిలబడ్డా, వంగినా మనకి అదే ఒళ్లు. గుండెకి మాత్రం ఒక్కో భంగిమ ఒక్కో కొత్త కొలువు. కొలువు మారినప్పుడల్లా అది ఎంత త్వరగా సర్దుకుంటుందన్నదే వయసుకి నిజమైన కొలత అని నాకనిపిస్తుంది. జుట్టు నెరుపు, పుట్టినతేదీ దాని తర్వాతే.

పడుకున్న మనిషికి తల, గుండె, పాదం ఇంచుమించు ఒకే మట్టంలో ఉంటాయి. లేచి నిలబడగానే ఛాతీలో ఉన్న రక్తంలోంచి అర లీటరు, ముప్పావు లీటరు కిందికి జారిపోయి పొట్టలో, తొడల్లో, పిక్కల్లో చేరుతుంది. ఒంట్లో ఉన్నదే మొత్తం ఐదు లీటర్లు. గుండెకి తిరిగొచ్చేది తగ్గితే ఒక్కో దెబ్బకి అది బయటికి పంపేదీ తగ్గుతుంది. మెదడేమో అన్నిటికన్నా పైన కూర్చుంది. గుండె నుంచి మెదడు దాకా ఎత్తు సుమారు ఒక అడుగు. ఆ అడుగు ఎక్కడానికే రక్తపోటులో ఇరవై మిల్లీమీటర్ల పైచిలుకు ఖర్చవుతుంది. అపార్ట్‌మెంటు మీది ట్యాంకుకి నీళ్లెక్కించే మోటారు పాట్లే గుండెవీను. కాకపోతే ఈ మోటారుకి భవనం ఎత్తు రోజంతా మారుతూనే ఉంటుంది.

అయినా ఆరోగ్యవంతుడు కళ్లు తిరిగి పడిపోడు. ఎందుకంటే మెడకి రెండు పక్కలా, గుండె పైన బృహద్ధమని వంపులో, పోటు తగ్గిందని పసిగట్టే నాడులున్నాయి. అవి ధమని గోడ సాగడాన్ని బట్టి లోపలి ఒత్తిడిని తెలుసుకుంటాయి. కబురు మెదడుకి వెళ్తుంది, మెదడు నుంచి ఆజ్ఞ వస్తుంది, గుండె నిమిషానికి మరో పదీ పదిహేను సార్లు ఎక్కువగా కొట్టుకుంటుంది, కాళ్లలోనూ పొట్టలోనూ రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఇదంతా మనం "ఆఁ, వస్తున్నా" అనేలోపే మొదలైపోతుంది.

కిందికి జారిన రక్తాన్ని పైకి తెచ్చే పనిలో పిక్కలది పెద్ద వాటా. అడుగు వేసినప్పుడల్లా పిక్కల కండలు లోపలి సిరలను పిండుతాయి. పిండిన రక్తం మళ్లీ కిందికి రాకుండా సిరల్లోని కవాటాలు మూసుకుంటాయి. ఇటలీలోని పాడువాలో ఫాబ్రీషియస్ అనే ఆచార్యుడు 1603లో ఈ కవాటాల మీద ఒక పుస్తకమే వేశాడు. అవి ఎందుకున్నాయో మాత్రం ఆయన సరిగ్గా పట్టుకోలేకపోయాడు. ఆయన దగ్గర చదువుకున్న ఇంగ్లీషు కుర్రాడు విలియం హార్వీ పట్టుకున్నాడు. రక్తం గుండెవైపే వెళ్లాలని ఆ తలుపులు చెబుతున్నాయని గ్రహించి, రక్తం ఒళ్లంతా తిరిగి గుండెకే చేరుతుందని 1628లో ప్రకటించాడు. కదలకుండా నిలబడితే ఈ పిక్కల సాయం ఆగిపోతుంది. ఎండలో కవాతు మైదానంలో బిగుసుకుని నిలబడ్డ జవాను, ఎంత దృఢకాయుడైనా, ఒక్కోసారి దభీమని పడిపోయేది ఇందుకే. పడ్డాక తల, గుండె ఒకే మట్టానికి వస్తాయి, నిమిషంలో తేరుకుంటాడు. స్పృహ తప్పి పడటంలో కూడా ఒళ్లు తన వైద్యం తాను చేసుకుంటోందన్నమాట.

మరి వయసు చేసేదేమిటి? గుండె బలహీనపడుతుందని మనందరి నమ్మకం. జబ్బేమీ లేని డెబ్బై ఏళ్ల మనిషి ఊరికే కూర్చుని ఉన్నప్పుడు పరీక్షిస్తే, గుండెలో నిండిన రక్తంలో ఎంత భాగాన్ని బయటికి నెడుతుందనే లెక్కలో అది పడుచు గుండెకి పెద్దగా తీసిపోదు. బిగుసుకోవడంలో దానికి లోటు లేదు. లోటంతా వదులు కావడంలో. కొట్టిన దెబ్బ తర్వాత గుండె కింది గది, అంటే జఠరిక, చప్పున విచ్చుకుని రక్తాన్ని లోపలికి పిలవాలి. వయసొచ్చిన జఠరిక గోడ కాస్త మొండికేసి, తాపీగా విచ్చుకుంటుంది. మొదట్లో నిండాల్సింది నిండక, చివర్లో పై గది కర్ణిక ఇచ్చే తోపు మీద ఆధారపడుతుంది. ఇలాంటి గుండెకి తిరిగొచ్చే రక్తం ఏ కాస్త తగ్గినా ఇబ్బందే.

దీనికి తోడు ధమనులు గట్టిపడతాయి. గోడ సాగడాన్ని బట్టి ఒత్తిడిని కనిపెట్టే నాడులు సాగని గోడలో ఉండి ఏం కనిపెడతాయి? కబురు మందకొడిగా వెళ్తుంది. ఆజ్ఞ వచ్చినా గుండె వేగం మునుపటిలా పెరగదు. ఎంత పరుగెత్తించినా గుండె వేగం దాటలేని హద్దు ఒకటుంటుంది. 220లోంచి వయసుని తీసేస్తే వచ్చేదే అదని వైద్యులు స్థూలంగా లెక్క చెబుతారు. ఇరవై ఏళ్లవాడికి 200, డెబ్బై ఏళ్లవాడికి 150. వేగం పెంచుకునే వెసులుబాటు అక్కడ తగ్గిపోయింది.

వీటన్నిటినీ కలిపి చూస్తే ముసలితనం నాకు శక్తి తగ్గడంలా కన్నా, సర్దుకోవడంలో ఆలస్యంలా కనిపిస్తుంది. మన బయటి బతుకూ అలాగే ఉంది. పాత ఇంట్లో హాయిగా తిరిగే పెద్దాయన కొడుకు కొన్న కొత్త ఫ్లాటుకి వెళ్తే నెల్లాళ్లు తికమకపడతాడు. ఆయనకి తెలివి తగ్గిందని ఎవరైనా అంటే అన్యాయం. ఆయనకి కాస్త వ్యవధి కావాలి, అంతే. గుండె అడిగేదీ ఆ వ్యవధే.

ఆ వ్యవధి ఇవ్వకపోతే కళ్లు బైర్లు కమ్ముతాయి. నిలబడ్డ మూడు నిమిషాల్లోపు పై పోటు 20 గానీ, కింది పోటు 10 గానీ పడిపోతే వైద్యులు దాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిన లోపమంటారు. చిత్రమేమిటంటే, కూర్చోబెట్టి చూసిన బీపీ చీటీలో ఇది కనిపించదు. కూర్చున్నప్పుడు 150 ఉన్న మనిషికే, లేచాక 120కి పడిపోవచ్చు. పోటు ఎక్కువున్నవాళ్లకి ఈ పడిపోవడమూ ఎక్కువే కావడం ముసలితనం చేసే పెద్ద ఎకసెక్కం. బీపీ మాత్రలు, ఒంట్లో నీరు లాగే మాత్రలు, మగవాళ్లకి ప్రొస్టేటుకిచ్చే కొన్ని మాత్రలు ఈ పడిపోవడాన్ని పెంచగలవు. కడుపునిండా భోంచేశాక రక్తం పేగులవైపు మళ్లుతుంది కాబట్టి విస్తరి ముందు నుంచి లేచే వేళా ప్రమాదమే. అన్నిటికన్నా గడ్డువేళ అర్ధరాత్రి. వెచ్చని పక్క, నిద్రమత్తు, నిండిన మూత్రాశయం, చీకటి. దిగ్గున లేచి మరుగుదొడ్డికి వెళ్లి, నిలబడే పని కానిచ్చే మగవాళ్లు అక్కడే పడిపోయిన సందర్భం ప్రతి బంధువర్గంలోనూ ఒకటైనా ఉంటుంది. తుంటి ఎముక విరిగాక నేల తడిగా ఉందని నేలని తిట్టుకుంటాం. నేల పొడిగా ఉన్నా చాలామంది పడేవాళ్లే.

నిలబడటం సంగతి ఇలా ఉంటే, పడుకోవడం అందరికీ సుఖమని అనుకోవడానికి లేదు. గుండె నిజంగానే జబ్బుపడి, వచ్చిన రక్తాన్ని ముందుకి పంపలేని స్థితిలో ఉన్నవాళ్లకి వెల్లకిలా పడుకోవడమే పెద్ద పరీక్ష. కాళ్లలో ఆగిన రక్తం ఛాతీకి చేరుతుంది, గుండె దాన్ని మోయలేదు, ఊపిరితిత్తుల్లో చెమ్మ చేరి ఆయాసం మొదలవుతుంది. అందుకే గుండె డాక్టర్లు "రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుంటారు?" అని అడుగుతారు. రెండు, మూడు అని పెరుగుతూ పోతే వాళ్లకి కావాల్సిన కబురు అందినట్టే. "మా ఆయన ఈ మధ్య మంచమెక్కడం మానేసి పడక కుర్చీలోనే నిద్రపోతున్నారండీ" అని ఇల్లాలు ఫిర్యాదుగా చెప్పే మాటలో డాక్టరుకి సగం రోగనిర్ణయం దొరుకుతుంది.

వంగడం సంగతీ అంతే. అమెరికాలోని డల్లాస్ వైద్యులు 2014లో గుండె వైఫల్యం ఉన్న కొందరిలో ఒక లక్షణాన్ని గుర్తించి పేరు పెట్టారు. కుర్చీలో కూర్చుని బూటు తాళ్లు కట్టుకోవడానికి ముందుకి వంగితే అర నిమిషంలోపే వాళ్లకి ఊపిరాడటం లేదు. వంగినప్పుడు గుండె లోపలి ఒత్తిడి ఇంకా పెరుగుతోంది. మన ఇళ్లలో బూటు తాళ్ల బెడద తక్కువ. ఇక్కడ ముగ్గు వేస్తూ మధ్యలో ఆగిపోయే అమ్మమ్మని, మంచం కింది చెప్పుల కోసం వంగి రొప్పుతూ లేచే తాతయ్యని గమనించాలి. బొజ్జ వల్లా ఆయాసం రావచ్చు గానీ, అంతా బొజ్జ మీదే నెట్టేస్తే గుండె మాట వినిపించుకునేవాడు ఉండడు.

ఇక గొంతుక్కూర్చోవడం. పుట్టుకతోనే గుండెలో లోపాలుండి ఒళ్లు నీలంగా మారే పిల్లలున్నారు. 1888లో ఫ్రాన్సులో ఫాలో అనే వైద్యుడు వివరించిన జబ్బు అలాంటి లోపాల్లో ముఖ్యమైనది. ఆ పిల్లలు నాలుగడుగులు పరుగెత్తి, ఎవరూ చెప్పకుండానే గొంతుక్కూర్చుంటారు. అలా కూర్చుంటే కాళ్లలోని ధమనులు నొక్కుకుపోయి ఒంటి పోటు పెరుగుతుంది, దాంతో గుండెలోంచి ఊపిరితిత్తులవైపు వెళ్లే రక్తం పెరుగుతుంది, నీలం కాస్త తగ్గుతుంది. ఐదేళ్ల పసివాడికి శరీరశాస్త్రం ఎవరు నేర్పారు? ఒళ్లే నేర్పింది.

ఒకప్పుడు మనం అన్ని పనులూ గొంతుక్కూర్చునే చేసేవాళ్లం. పళ్లు తోముకోవడం, అంట్లు తోమడం, బట్టలు ఉతకడం, చివరికి రచ్చబండ దగ్గర చుట్ట కాల్చుకుంటూ ఊసులాడటం కూడా. రోజుకి ఎన్నోసార్లు నేలకి దిగి లేవడం ఆ తరం కాళ్లకీ గుండెకీ అడగకుండా దొరికిన కసరత్తు. ఇప్పుడు నేలతో మనకి పనే లేదు. మంచం, సోఫా, డైనింగ్ టేబులు, కమోడు అన్నీ మోకాలి ఎత్తుకే వచ్చి నిలబడ్డాయి. నొప్పులున్న మోకాళ్లకి అది వరమే, కాదనను. అయితే గొంతుక్కూర్చుని లేచిన క్షణంలో పోటు పడిపోయేది అన్ని భంగిమలకన్నా ఎక్కువ. అలవాటు తప్పినవాళ్లు ఏ పెళ్లిలోనో హఠాత్తుగా పాత అలవాటు ప్రదర్శించకపోవడం మంచిది.

ఇంత చెప్పాక, కదలకుండా పడుకుంటే సరిపోతుంది కదా అనిపించవచ్చు. వైద్యశాస్త్రమే చాలాకాలం అలా అనుకుంది. గుండెపోటు వచ్చినవాణ్ణి వారాల తరబడి మంచానికి అతికించి ఉంచేవారు. అన్నం ఇంకొకరు తినిపించాలి, గడ్డం ఇంకొకరు గీయాలి. చాలామంది గుండెపోటు నుంచి బతికి, కాళ్లలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకి చేరి పోయేవారు. బోస్టన్‌లో శామ్యూల్ లెవిన్ అనే వైద్యుడికి ఇది నచ్చలేదు. కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంటే గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గి దానికి బరువూ తగ్గుతుంది కదా, మరి మంచమెందుకు అన్నాడు. ఆయనా, ఆయన దగ్గర పనిచేస్తున్న బెర్నార్డ్ లౌన్ అనే యువ వైద్యుడూ గుండెపోటు రోగుల్ని తొలి రోజుల్లోనే చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, ఆ ఫలితాలు 1952లో ప్రకటించారు. భయపడ్డ అనర్థం జరగలేదు. రోగులు కోలుకున్నారు, ముఖాల్లో కళ కూడా వచ్చింది. ఇవాళ గుండెపోటు వచ్చినవాళ్లని ఒకటి రెండు రోజుల్లోనే లేపి కూర్చోబెట్టి, నడిపిస్తున్నారంటే ఆ మార్పు ఈ కుర్చీ దగ్గరే మొదలైంది. మందుల్ని కనిపెట్టినవాళ్లని గుర్తుపెట్టుకుంటాం గానీ కుర్చీ వేసినవాళ్లని మరిచిపోతాం.

మంచం చేసే చెరుపు ఎంతో డల్లాస్‌లోనే 1966లో తేలింది. ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకులు మూడు వారాలు మంచం దిగకుండా పడుకున్నారు. లేచేసరికి వాళ్ల ఒళ్లు ప్రాణవాయువుని వాడుకునే గరిష్ఠ సామర్థ్యం పావు వంతుకి పైగా పడిపోయింది. ముప్ఫై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని పిలిచి మళ్లీ పరీక్షించారు. అప్పటికి వాళ్లకి యాభై, ఒళ్లు చేశారు. అయినా ముప్ఫై ఏళ్ల వయసు వాళ్ల నుంచి లాక్కున్నదానికన్నా ఆనాటి మూడు వారాల మంచం లాక్కున్నదే ఎక్కువ! మరో ఆరు నెలలు నడక, పరుగు, సైకిలు సాధన చేయిస్తే వయసు వల్ల తగ్గిన సామర్థ్యం తిరిగొచ్చింది కూడా.

ఇంతకన్నా ఆశ్చర్యం ఒక ఈతగాడి కథ. బెన్వా లెకాంట్ అనే ఆయన 2018లో పసిఫిక్ మహాసముద్రంలో 159 రోజుల పాటు, రోజుకి సగటున ఆరు గంటలకి కాస్త తక్కువగా ఈదాడు. దాదాపు ఏడాది పాటు అంతరిక్షంలో ఉన్న వ్యోమగామి స్కాట్ కెల్లీ గుండెతో పాటు లెకాంట్ గుండెనీ పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించారు. ఇద్దరి గుండెల్లోనూ కండ తగ్గింది. అంతరిక్షంలో బరువు తెలియదు కాబట్టి కెల్లీది తగ్గిందంటే అర్థముంది. అంత ఈది కూడా లెకాంట్‌ది ఎందుకు తగ్గింది? నీటిలో బోర్లా తేలుతున్నంతసేపూ రక్తాన్ని కింది నుంచి పైకి ఎత్తాల్సిన పని గుండెకి తప్పింది. ఈత తర్వాత మిగిలిన సమయంలోనూ చాలాసేపు పడుకునే గడిపాడు. అంటే భూమి మనల్ని కిందికి లాగడం, మనం దానికి ఎదురు నిలబడటం, ఇది గుండెకి శిక్ష కాదు. దాని రోజువారీ వ్యాయామమే ఇది.

మన ఇళ్లలో పెద్దవాళ్ల మీద ప్రేమ మాత్రం ఇంకా 1952కి ముందే ఆగిపోయింది. "మావయ్యగారూ, మీరు లేవకండి, నేను తెస్తాను." "నాన్నా, నువ్వు కదలొద్దని చెప్పానా?" అమెరికాలో ఉన్న కొడుకు హాల్లో కెమెరా పెట్టించి, తండ్రి కుర్చీలోంచి లేస్తే అక్కణ్ణుంచి ఫోను చేస్తాడు. మంచినీళ్లు, మాత్రలు, పేపరు, రిమోటు అన్నీ చేతికందే చోట పెడతారు. అంత ప్రేమని తప్పుపట్టడానికి మనసొప్పదు. కానీ పెద్దాయన రోజుకి లేచే ఇరవై సార్లనీ ఐదుకి తగ్గిస్తే, ఆ ఐదు సార్లూ ఆయన గుండె మరింత తడబడుతుంది. పడతాడేమోనని కూర్చోబెట్టడమే పడటానికి దారి తీస్తుంది.

పూర్వాచారాల మాట కూడా ఒకటి చెప్పాలి. నిద్ర లేవగానే కుడి పక్కకి తిరిగి లేవాలని, పక్క మీదే కూర్చుని అరచేతులు చూసుకుని ఆపైన నేల మీద పాదం మోపాలని మన పెద్దలు చెప్పేవారు. మా ఫోన్ల బృందాల్లో దీన్ని గుండె శాస్త్రంగా చాటే సందేశాలు తెల్లారకముందే వచ్చి పడతాయి. పూర్వీకులకి మెడలోని నాడుల సంగతి తెలుసని నేననను. భక్తి కోసం పెట్టుకున్న ఆ కాస్త ఆగడం, పడకకీ నడకకీ మధ్య ముసలి గుండెకి కావాల్సిన వ్యవధిని అప్రయత్నంగా ఇస్తోంది. ఫలితం దక్కుతున్నప్పుడు శాస్త్రమని బుకాయించాల్సిన పనేముంది? శాస్త్రం కావాలంటే శాస్త్రంగానే చేసిన పని మనకీ ఉంది. బొంబాయిలో డాక్టర్ కె.కె. దాతే బృందం 47 మంది రక్తపోటు రోగులతో శవాసనం చేయించి, చాలామందిలో పోటు తగ్గిందని 1969లో ప్రకటించింది. పడుకోవడం కూడా పద్ధతిగా చేస్తే వైద్యమే. శవాసనంలో అసలు కిటుకు, అది ఎప్పుడు ముగించాలో, ఎలా లేవాలో తెలియడం. గురువులు అందులోంచి చటుక్కున లేవనివ్వరు.

కాబట్టి నా తోటి వయసువాళ్లకి రెండు మాటలు. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడమని మొహమాటం లేకుండా అడగండి. కూర్చుని చూపించుకునేటప్పుడు వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టండి. చెయ్యి ఒళ్లో పెట్టుకున్నా, కిందికి వేలాడేసినా అంకె లేనిపోనిది ఎక్కువ చూపిస్తుంది. లేస్తే కళ్లు తిరుగుతున్నాయంటే మాత్రల్ని మీ అంతట మీరు మానేయకుండా ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. రాత్రివేళ పక్క మీద కాసేపు కూర్చుని, పిక్కలు నాలుగుసార్లు ఆడించి, అప్పుడు పాదం మోపండి. మగవాళ్లు రాత్రిపూట కూర్చునే మూత్రానికి వెళ్తే పరువేమీ పోదు. పిల్లలూ, మీరు మంచినీళ్ల గ్లాసు అందించడం మానకండి గానీ, అప్పుడప్పుడు దాన్ని వంటింట్లోనే మరిచిపోండి.

నెమ్మదిగా లేవండి. కానీ లేవండి.